మార్చిలో రాసిన పరీక్ష

కామాక్షయ్య గారు విడవలూరు హైస్కూలుకు వచ్చింది 1963 ఫిబ్రవరిలో. ఆయన మద్రాసులో లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. నెల్లూరు మూలాపేటలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుని, ఎస్సెల్సీ పరీక్ష రాసి బడి ముగించిన పిల్లలకు వేసవి తరగతులు నడుపుతున్నాడు. ఏప్రిల్ చివర మొదలుపెట్టి, ఫలితాలు వచ్చేదాకా చెప్పేవాడు. ఆ తరగతుల్లో కూర్చున్నవాళ్లకు కాలేజీలో మొదటి ఏడు పీయూసీ సైన్సు సీటు తప్పక వస్తుందని చుట్టుపక్కల ఊళ్లలో పేరుపడింది. ఆ పేరు ఎట్లా పడిందో ఎవరూ ఆరా తీయలేదు.

ఉపాధ్యాయుల గదిలో అడుగుపెట్టగానే ఆయన లెక్కల మాస్టరు జ్ఞానప్రకాశం ముందు కూర్చున్నాడు.

"మీ బడిలో బాగా చదివే పిల్లలు ఎవరో చెప్పండి మాస్టారూ. వాళ్ల దగ్గర నేను ఫీజు తీసుకోను. విద్యాదానం."

జ్ఞానప్రకాశం దిద్దుతున్న పేపరు మీద నుంచి తల ఎత్తలేదు. "బాగా చదివేవాళ్లకు మీరు చెప్పేదేముంది? చదవని వాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లను తీసుకుపోండి."

"వాళ్లూ రావచ్చు. ఫీజు కట్టి."

"అదే అనుకున్నా. ఒకరి చెట్టున పండిన కాయలు కోసుకుపోయి, నా గంపలో పండినాయని అమ్ముకునే బేరం."

కామాక్షయ్య గారి ముఖం ఎర్రబడింది. "పల్లెటూరి బడిలో లెక్కలు చెప్పే మీకు కాలేజీ వాళ్లు ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో తెలుసా? ప్రిన్సిపాలు నాకు పాతికేళ్ల స్నేహితుడు."

"మరి ఆయన ఇంటికే పోయి అడగండి, పిల్లల్ని. నా గదిలోకి మాత్రం రావద్దు."

కామాక్షయ్య గారు లేచి నేరుగా హెడ్మాస్టరు దగ్గరకు వెళ్లాడు. హెడ్మాస్టరు ఎవరితోనూ తగవు పెట్టుకునే మనిషి కాదు. అడిగిన పేర్లు చెప్పి పంపాడు. అందులో మొదటి పేరు ముంతాజ్ బేగం.

ముంతాజ్ తండ్రి సైదావలి దర్జీ. ఊరి మధ్యలో పద్మనాభయ్య వడ్ల కొట్టు అరుగు మీద ఒక మూల మిషను పెట్టుకుని కుట్టేవాడు. చేతి పని మంచిదే గాని నోరు మంచిది కాదు. కొలత తప్పిందని ఎవరైనా అంటే రవికె వాళ్ల చేతిలో పెట్టి, "నీ ఒళ్లు పెరిగింది, నా గుడ్డ తగ్గలేదు" అనేవాడు. అయినా అందరూ అతని దగ్గరికే వచ్చేవారు. కూతురు డాక్టరు కావాలని అతనికి ఒకటే పట్టు. ఫీజు లేకుండా పెద్ద లెక్చరరు పాఠం చెప్తాడని తెలిసేసరికి పిల్లను పంపడానికి ఒప్పుకున్నాడు. నెల్లూరు కోటమిట్టలో అతని మరదలు ఉంది. పిల్ల అక్కడ ఉండి చదువుకోవచ్చు.

పబ్లిక్ పరీక్షలు అయిపోయిన వారానికి జ్ఞానప్రకాశం ఆ అరుగు దగ్గరికి వచ్చాడు. ముంతాజ్ తండ్రి పక్కన కూర్చుని చొక్కాలకు కాజాలు కుడుతోంది.

"పిల్లను మూలాపేటకు పంపుతున్నావంట?"

"అవును సార్. ఊరికే చెప్తామన్నారు."

"ఊరికే ఎందుకు చెప్తాడో ఆలోచించినావా? జువ్వలదిన్నెలో పడవోళ్లను అడుగు, గాలానికి ఉత్త కొక్కెం వేస్తే చేప వస్తుందా అని. ఎర గుచ్చాల గదా? ఆ ఎర నీ కూతురు."

సైదావలి మిషను తొక్కడం ఆపాడు. "నా బిడ్డకు నాలుగు ముక్కలు ఎక్కువ వస్తే మీకెందుకు సార్ కడుపుమంట?"

"కడుపుమంటే. మూడేళ్లు చెప్పింది నేను. రేపు పేరు వాడిది."

"ఓహో, పేరు కోసమా ఇదంతా. బిడ్డ బాగు కోసం వచ్చినారేమో అనుకున్నా."

జ్ఞానప్రకాశం ముంతాజ్ వైపు తిరిగాడు. "నువ్వు ఏమంటావు?"

ముంతాజ్‌కు పోవాలనే ఉంది. ఇంగ్లీషు మాట్లాడాలంటే ఆమెకు నోరు ఎండిపోయేది. కాలేజీలో పాఠాలన్నీ ఇంగ్లీషులోనే అని విన్నప్పటి నుంచి భయం పట్టుకుంది. "పోతాను సార్," అంది.

"పో. ఇంక లెక్క రాలేదని నా గడప తొక్కొద్దు," అని ఆయన గొడుగు విప్పుకుని వెళ్లిపోయాడు.

పద్మనాభయ్య కొట్టు లోపల నుంచి ఇదంతా విన్నాడు. ఆయన కొడుకు విజయభాస్కర్ కూడా అదే సంవత్సరం పరీక్ష రాశాడు. వాడు మంచివాడేగాని చదువు అంతంతమాత్రం. దర్జీ కూతురు పోతున్న చోటికి తన కొడుకు పోకపోతే తలవంపు అనుకున్నాడో ఏమో, మర్నాడే నెల్లూరు వెళ్లి అడిగినంత ఫీజు కట్టి కొడుకును చేర్పించాడు.

మూలాపేట ఇంట్లో ముందు గది పెద్దది. పైన పంకా, గోడకు నల్లబల్ల. అక్కడ కామాక్షయ్య గారే స్వయంగా పాఠం చెప్పేవాడు. రోజూ ఇంగ్లీషు పేపరు ఒక్కొక్కరి చేత బిగ్గరగా చదివించేవాడు. తప్పు పలికితే ఓపికగా సరిదిద్దేవాడు. మొదటి వారం ముంతాజ్ గొంతు బయటికి రాలేదు. మే నెల సగమయ్యేసరికి, ఎదురు ప్రశ్న వేసినా ఇంగ్లీషులోనే జవాబు చెప్పగలిగింది. ఆయన సంతోషించి పీయూసీ ఫిజిక్సు, కెమిస్ట్రీ పుస్తకాలు ఆమె చేతిలో పెట్టాడు. "ఇవి నీవే అమ్మా, ఉంచుకో," అన్నాడు. పాఠం చెప్పేటప్పుడు ఆయన మంచి గురువు. ఆ సంగతి ముంతాజ్ ఎన్నడూ కాదనలేదు.

ఒక శనివారం ఊరికి పోయే బస్సులో విజయభాస్కర్ కనిపించాడు. వడగాలి కొడుతోంది. కిటికీలకు గోనెపట్టాలు దించారు. వాడు ఆమె వెనక సీటులో కూర్చుని మెల్లగా అడిగాడు.

"మీకు ఫిజిక్సు కూడా చెప్తా ఉండారా?"

"చెప్తా ఉండారు. మీకు?"

"మమ్మల్ని వెనక రేకుల షెడ్డులో కూర్చోబెట్టినారు. ఆయన రాడు. గుమాస్తా ఒకాయన వచ్చి, పాత ఎస్సెల్సీ పుస్తకంలో జవాబులు చూసి రాయమంటాడు. ఆ వేడికి సగం మంది నిద్రపోతారు."

"మీ నాయనకు చెప్పలేదా?"

"చెప్పినా. చదవలేక సాకులు చెప్తున్నావని కొట్టినాడు."

ముంతాజ్‌కు షెడ్డు ఉన్న సంగతి తెలుసు. అక్కడ చిన్న తరగతుల పిల్లలు ఉంటారేమో అనుకునేది. సోమవారం పాఠం అయ్యాక కామాక్షయ్య గారిని అడిగింది, వెనక ఉన్నవాళ్లకు మీరెందుకు చెప్పరు సార్ అని.

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "అమ్మాయ్, ఈ పంకా ఎవరి డబ్బుతో తిరుగుతుంది అనుకుంటున్నావ్? నీ చేతిలో పుస్తకాలు ఎవరి డబ్బుతో వచ్చాయి? కూర్చుని చదువుకో. లేదంటే నీకూ షెడ్డులో చోటుంది."

ఆమె వెళ్లి తన చోట్లో కూర్చుంది. కాని ఆ రోజు నుంచి ఆ పంకా గాలి ఆమెకు హాయిగా అనిపించలేదు. మానేద్దామని రెండుమూడు సార్లు అనుకుంది. ఇంగ్లీషు పోతుందని మానలేదు.

జూన్‌లో ఫలితాలు వచ్చాయి. ముంతాజ్‌కు బడి మొత్తంలో మొదటి స్థానం. విజయభాస్కర్ ఎట్లాగో గట్టెక్కాడు. ఇద్దరికీ ఒకేరోజు కాలేజీలో ఇంటర్వ్యూ పడింది. కామాక్షయ్య గారు ఇంటర్వ్యూలో చెప్పాల్సిన మాటలు అందరి చేత వల్లె వేయించాడు. ఎందుకు సైన్సు చదవదలిచారు, దేశానికి ఏ విధంగా సేవ చేస్తారు, అన్నీ ఇంగ్లీషులో.

ముంతాజ్ లోపలికి వెళ్లి గుడ్ మార్నింగ్ చెప్పింది. ప్రిన్సిపాలు మార్కులు చూసి, ఏ గ్రూపు కావాలని అడిగాడు. సైన్సు అంది. సరే, ఆఫీసులో ఫీజు కట్టమన్నాడు. అంతే. దేశసేవ దాకా పోనేలేదు.

విజయభాస్కర్ వంతు వచ్చింది. మార్కులు చూసి ప్రిన్సిపాలు తల అడ్డంగా ఊపాడు. వాడు భయపడి, తాను కామాక్షయ్య గారి వేసవి తరగతులకు వెళ్లానని చెప్పాడు. ప్రిన్సిపాలు పక్కనున్న లెక్చరరును చూసి, "ఎవరాయన?" అని అడిగాడు. ఆ లెక్చరరు కూడా తనకు తెలియదన్నాడు. సైన్సులో ఖాళీ లేదు, కావాలంటే ఆర్ట్స్ ఆలోచించుకోమని పంపేశారు.

గేటు దగ్గర ఎండలో నిలబడ్డ పద్మనాభయ్యతో కొడుకు జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఆయన అక్కడి నుంచే రిక్షా ఎక్కి మూలాపేట పోయి కామాక్షయ్య గారి మీద విరుచుకుపడ్డాడు. ఆయన చలించలేదు.

"మీవాడు శ్రద్ధ పెట్టలేదు పద్మనాభయ్య గారూ. మీ ఊరిదే ఆ దర్జీ కూతురు, ఆ అమ్మాయికి ఎట్లా వచ్చింది? ఆ అమ్మాయికి చెప్పిందీ నేనే. లోపం నా దగ్గరుంటే ఆమెకు రాకూడదు కదా."

పద్మనాభయ్య ఆ కోపం ఊరికి తెచ్చుకున్నాడు. బస్సు దిగి నేరుగా అరుగు దగ్గరికి వచ్చి, కాలితో మిషను పీటను నెట్టాడు.

"సైదావలీ, ఇది ఎత్తు."

"ఏమైంది పద్మనాభయ్యన్నా?"

"నా వడ్లు పెట్టుకోను చోటు చాల్లేదు. ఎత్తమన్నా."

"పన్నెండు నెలలూ ఒక్క బస్తా పెట్టని మూల. ఇప్పుడేం వడ్లు?"

"నా అరుగు, నా ఇష్టం. ఆడపిల్లని జాలిపడి సీటు ఇచ్చినారు మీకు. నా కొడుకు సీటు. అది తీసుకుని నా అరుగు మీదే కూర్చుంటావా?"

సైదావలి ఊరుకోలేదు. "నీ కొడుకుకు చదువు రాకపోతే నా బిడ్డ ఏం చేసింది? అంత డబ్బు పోసి షెడ్డులో నిద్రపోయొచ్చినాడు."

జనం చేరారు. ఎవరూ అడ్డం రాలేదు. సైదావలి, ముంతాజ్ కలిసి మిషను మోసుకుని ఇంటికి తెచ్చుకున్నారు. వాళ్ల ఇల్లు ఊరి చివర, కాలవ అవతల. అక్కడికి వచ్చి బట్టలు ఇచ్చేవాళ్లు తక్కువ. కూతురు కాలేజీలో చేరిన నెలలోనే ఇంట్లో రాబడి సగానికి పడిపోయింది.

జూలైలో కామాక్షయ్య గారు విడవలూరు గ్రంథాలయంలో అభినందన సభ పెట్టాడు. సీటు వచ్చిన పిల్లలకు దండలు వేస్తాడట. మరుసటి ఏడు ఎస్సెల్సీ రాయబోయే పిల్లల తండ్రులందరినీ పిలిచాడు. ముంతాజ్ మాట్లాడాలి. ఏం మాట్లాడాలో కూడా చెప్పి పంపాడు. వేసవి తరగతులు లేకుంటే నాకు సీటు వచ్చేది కాదు, ఇది చాలు, మిగతాది నీ ఇష్టం అన్నాడు.

సైదావలి కూడా అదే మాట చెప్పాడు. "ఆయన చెప్పమన్నది చెప్పేసి రా. ఊళ్లో ఉన్న తగాదాలు చాలు."

"అది నిజం కాదు నాయనా."

"నిజం ఎవరికి కావాల? నువ్వు నెల్లూరులో చదువుకోవాలా వద్దా?"

సభకు బాగానే జనం వచ్చారు. విడవలూరు వాళ్లేగాక బుచ్చిరెడ్డిపాళెం నుంచి కూడా కొందరు రైతులు వచ్చారు. పద్మనాభయ్య గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. జ్ఞానప్రకాశం లోపలికి రాలేదు. కిటికీ బయట గొడుగు కింద నిలబడ్డాడు. కామాక్షయ్య గారు అరగంట ఉపన్యాసం చెప్పి, ముంతాజ్ మెడలో దండ వేసి, మాట్లాడమన్నాడు.

ఆమె దండ తీసి బల్ల మీద పెట్టింది. తండ్రి వెనక వరసలో నిలబడి ఉన్నాడు.

"సార్ దగ్గర నేను ఇంగ్లీషు మాట్లాడడం నేర్చుకున్నాను," అని మొదలుపెట్టింది. "అంతకుముందు భయం. ఇప్పుడు లేదు. కాలేజీలో పాఠం అర్థమవుతోంది. అది సార్ వల్లే."

కామాక్షయ్య గారు తల ఊపాడు.

"సీటు మాత్రం దానివల్ల రాలేదు. ఇంటర్వ్యూలో నన్ను ఇంగ్లీషులో ఏమీ అడగలేదు. మార్కులు చూసినారు, ఇచ్చినారు. ఆ మార్కులు మార్చిలో రాసిన పరీక్షవి. సార్ తరగతులు మొదలైంది ఏప్రిల్ ఆఖర్లో. మార్కులు ముందే ఉన్న మమ్మల్ని ఏరి ముందు గదిలో కూర్చోబెట్టినారు. మాకు సీట్లు వచ్చినాయి. ఫీజు కట్టినవాళ్లను షెడ్డులో కూర్చోబెట్టినారు. వాళ్లలో సైన్సు సీటు వచ్చినవాళ్లు నాకు తెలిసి ఎవరూ లేరు. ఉంటే సార్ చెప్పొచ్చు."

సభలో ఒక్కసారి గోల మొదలైంది. పద్మనాభయ్య లేచి నిలబడ్డాడు. "విన్నారా అందరూ? షెడ్డు అంట. నా డబ్బు ఇక్కడే కక్కు," అని ముందుకు వచ్చాడు. బుచ్చిరెడ్డిపాళెం రైతు ఒకాయన, "ఇంకా మేం కట్టనే లేదు, మాకెందుకు ఈ గొడవ," అంటూ కండువా దులుపుకున్నాడు. కామాక్షయ్య గారి గొంతు అన్నిటికన్నా పైకి వచ్చింది.

"ఇది కృతఘ్నత. నా అన్నం తిని నా మీదే ఉమ్మిన పిల్లను ఇప్పుడే చూస్తున్నాను. ఊరికే చెప్పినందుకు నాకు తగిన శాస్తి. ఈ అమ్మాయి ఏ చదువు చదివినా ఆ గుణం మారదు."

ముంతాజ్ మెట్లు దిగి బయటికి వచ్చింది. గొడుగు కింద నుంచి జ్ఞానప్రకాశం ఎదురొచ్చాడు. ఏప్రిల్ నుంచి ఆయన ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడు మెచ్చుకుంటాడేమో అనుకుంది.

"మార్చిలో పరీక్ష రాసినానని చెప్పినావు. బాగుంది. ఆ పరీక్ష రాయడం ఎవరు నేర్పినారో ఒక్క ముక్క చెప్పలేకపోయినావా?"

పద్మనాభయ్యేమో సీటు జాలిపడి ఇచ్చారంటాడు, కామాక్షయ్య గారేమో నేను ఇప్పించానంటాడు, ఈయనేమో నాదంటాడు.

"మీరు చెప్పినారు సార్. ఆ మాట నేను ఎప్పుడూ మరిచిపోను. కానీ మా బడిలో అందరికీ మీరే చెప్పినారు కదా. పరీక్ష నేను రాసినాను."

ఆయన బడి వైపు వెళ్లిపోయాడు.

ఇంటికి వచ్చాక సైదావలి కూతురితో రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. అన్నం దగ్గర మాత్రం ఒకసారి అన్నాడు. "ఊళ్లో ఒక్కరినైనా మిగిలిస్తివా?"

సోమవారం కోటమిట్టలో పిన్నమ్మ ఇంటికి కామాక్షయ్య గారి గుమాస్తా వచ్చాడు. వీధిలో నిలబడి, సార్ ఇచ్చిన పుస్తకాలు తిరిగి ఇమ్మన్నారని గట్టిగా చెప్పాడు. అరుగుల మీద ఆడవాళ్లంతా చూస్తున్నారు. పిన్నమ్మ సిగ్గుపడి, ఇచ్చెయ్యమని సైగ చేసింది. ముంతాజ్ తెచ్చి ఇచ్చింది. అట్టలు వేసి పెట్టుకున్న పుస్తకాలు. గుమాస్తా ఆ అట్టలు కూడా తీయనీయలేదు.

పద్మనాభయ్యకు మాత్రం ఫీజులో కొంత తిరిగి వచ్చింది. సభలో గొడవ నెల్లూరు దాకా పాకకుండా కామాక్షయ్య గారు అట్లా సర్దేశాడు. ఆ డబ్బు వచ్చింది దర్జీ కూతురి మాట వల్లే కదా, ఇంక ఆ మూల వాళ్లకు ఇవ్వరాదా అని ఎవరో అడిగితే, "అది వేరే, ఇది వేరే. సీటు వాళ్ల దగ్గరే ఉంది కదా," అన్నాడు పద్మనాభయ్య. ఆ అరుగు ఖాళీగానే ఉండిపోయింది. వడ్ల బస్తా ఒక్కటి కూడా అక్కడ పెట్టలేదు.

ఆగస్టులో విజయభాస్కర్ బస్సు ఎక్కి ఆమె పక్కన ఒక సంచీ పెట్టాడు. అందులో పీయూసీ సైన్సు పుస్తకాలు ఉన్నాయి. సీటు ఖాయమని వాళ్ల నాయన మే నెలలోనే కొనేశాడు.

"నేను ఆర్ట్స్‌లో చేరినా. నాకెందుకు ఇవి?"

"మీ నాయనకు తెలిస్తే?"

"అమ్మేసినా అని చెప్తా. తిడతాడు. తిట్టడం కొత్తా?"

ఆ పుస్తకాలతోనే ముంతాజ్ సంవత్సరమంతా చదివింది.

మరుసటి ఏడు ఏప్రిల్‌లో నెల్లూరు బస్టాండులో కరపత్రాలు పంచారు. కామాక్షయ్య గారి వేసవి తరగతులు, గత సంవత్సరం సైన్సు సీట్లు సాధించిన మా విద్యార్థులు అని పైన రాసి, కింద పేర్లు వేశారు. మొదటి పేరు ముంతాజ్ బేగం, విడవలూరు. బస్సు దిగిన సైదావలి చేతికీ ఒకటి వచ్చింది. అక్కడే నిలబడి రెండుసార్లు చదివాడు. కొనాల్సిన దారం కొనకుండా నేరుగా మూలాపేటకు నడిచాడు.

తరగతుల గేటు ముందు పిల్లల తండ్రులు వరసగా నిలబడి ఉన్నారు. సైదావలి మొదటి మనిషి దగ్గరికి పోయి కరపత్రం చూపించాడు.

"ఈ పేరు నా బిడ్డది. ఈ తరగతులకూ ఆ సీటుకూ సంబంధం లేదు. లోపలికి పోయి డబ్బు పారేయొద్దు."

గుమాస్తా వచ్చి చొక్కా పట్టుకుని గేటు అవతలికి లాగాడు. సైదావలి రోడ్డు దాటి ఎదురుగా ఉన్న సోడా కొట్టు నీడలో నిలబడి, వచ్చిన ప్రతివాళ్లనూ ఆపి అదే మాట చెప్పాడు. గొంతు బొంగురు పోయింది. ఒకరిద్దరు వెనక్కి తిరిగారు. చాలామంది వినీ విననట్టు లోపలికి పోయారు. అల్లూరు వైపు నుంచి వచ్చిన ఒక రైతు మాత్రం ఆగి, అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"మీ పాపకు వచ్చింది కదయ్యా సీటు. మా పిల్లోడికి వస్తే నీ సొమ్మేం పోతాది? ఎందుకు చెడగొడతా ఉండావు?"

అని, కొడుకు చెయ్యి పట్టుకుని గేటు లోపలికి నడిచాడు.